మొదటి అధ్యాయము విడుదలకు ముందు

అనంతపురపు మెట్టసీమలో వానలు మొగము చాటువేసిన యేట గ్రామస్థులు రామాలయమునందో రచ్చబండ చెంతనో కూడి, భారతమునందలి విరాటపర్వమును పఠింపజేయుట చిరకాలముగా వచ్చుచున్న ఆచారము. ఆ పర్వము ఒక్కరాత్రిలో ముగియునది కాదు గనుక, కీచకుని దుర్బుద్ధి బయటపడినచోట ఒకనాడును, ఉత్తరకుమారుడు కౌరవసేనను చూచి రథము దిగి పరువెత్తినచోట ఇంకొకనాడును పౌరాణికుడు గ్రంథము మూయును. శ్రోతలు మరునాటి రాత్రిని తలచుకొనుచు ఇండ్లకు మరలుదురు. ధర్మవరమునకు చేరువనున్న నిమ్మలకుంటలో తరతరములుగా తోలుబొమ్మలాడించు కుటుంబములవారును రామాయణమును రాత్రులకు పంచుకొనియే ఆడించుచు వచ్చిరి; ఆ గ్రామమునకు చెందిన దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ లభించినది. కథను ఎచ్చట ఆపవలెనో, ఆపి మరల ఎచ్చట అందుకొనవలెనో తెలిసిన విద్య ఈ నేలకు క్రొత్తది కాదు. అయినను ఆ కథకులకు నేటి ధారావాహిక రచయితకు లేని యొక భాగ్యముండెను. వారి కథ అదివరకే పూర్తియైయున్నది. కీచకుడు చచ్చుననియు, గోగ్రహణమున అర్జునుడే గెలుచుననియు చెప్పువానికిని తెలియును, వినువానికిని తెలియును.

నేడు హిందూపురమునందో గుంతకల్లునందో కూర్చుండి, చేతిలోని ఫోనునందే నవల వ్రాయుచు, మధ్యాహ్నము వ్రాసిన అధ్యాయమును రాత్రికే పాఠకుల ముందుంచు రచయితకు ఆ భాగ్యము లేదు. కథానాయిక పుట్టింటికి తిరిగివచ్చుట విడుదలయైనది. వచ్చిన పిమ్మట ఏమి జరుగునో వ్రాయువానికే ఇంకను తేలలేదు. కావున ఈ వ్యాసమునందు విచారింపదలచిన ప్రశ్న ఇది: ధారావాహిక రచయిత మొదటి అధ్యాయమును విడుదల చేయుటకు పూర్వము ఎంతవరకు వ్రాసియుండుట మేలు? తక్కినదానిని ఏ క్రమమున, ఏ వేగమున లోకమునకు ఇచ్చుట మేలు? ఈ విషయమున మనవారును పరదేశీయులును అనుసరించిన పద్ధతులు పెక్కు. వానినన్నిటిని పరికించిన మీదట నాకు తోచినదేమనగా, వ్రాతకును విడుదలకును నడుమ కొంత వ్యవధి ఉన్నప్పుడే నవల నవలయగుచున్నది. అచ్చుపత్రికల కాలమున ఆ వ్యవధిని సంపాదకుడును ముద్రణాలయమును రచయితకు బలవంతముగానైనను ఇచ్చుచుండగా, అంతర్జాలము దానిని సమూలముగా తుడిచివేసినది. ఇక దానిని రచయిత తనంతట తాను కల్పించుకొనవలసియున్నది.

తెలుగున నవలకు ఆరంభమే ధారావాహికకు ఆరంభము. కందుకూరి వీరేశలింగం పంతులుగారి రాజశేఖరచరిత్రము 1878లో వివేకవర్ధనియందు భాగములుగా వెలువడి, 1880లో గ్రంథరూపము దాల్చినది. పత్రిక పంతులుగారిదే, రచన పంతులుగారిదే. వ్రాసినవాడే ప్రకటించువాడును అగుటలో ఆయన నేటి యాప్ రచయితకు పూర్వీకుడు. కాశీనాథుని నాగేశ్వరరావుగారు 1908లో బొంబాయియందు ఆంధ్రపత్రికను, 1924లో మద్రాసునందు భారతిని నెలకొల్పి నడపిన దశాబ్దములలో రచయిత వేరు, సంపాదకుడు వేరు అను స్థితి స్థిరపడెను. బుచ్చిబాబుగారి చివరకు మిగిలేది 1946-47లలో నవోదయ పత్రికయందు ధారావాహికముగా వచ్చినదే. మన సీమలో పప్పూరు రామాచార్యులుగారు 1926లో అనంతపురమునుండి శ్రీసాధన పత్రికను వెలువరించి, ఈ కరవునేలకు తన సొంత వారపత్రికను సమకూర్చిరి. ఈ జిల్లాకే చెందిన తరిమెలలో 1915లో జన్మించిన విద్వాన్ విశ్వముగారు, తొలుత తరిమెల నాగిరెడ్డిగారితో కలిసి నవ్యసాహిత్యమాలను నడపి, 1952లో ఆరంభమైన ఆంధ్రప్రభ వారపత్రికకు సంపాదకులైరి. పెన్నేటిపాట కవియైన ఆయన బల్లమీదికి ఆంధ్రదేశపు నలుమూలల రచయితల వ్రాతప్రతులు వారము వారము వచ్చి చేరుచుండెడివని తలచుకొనినప్పుడు, ధారావాహిక రచనా చరిత్రలో మన మెట్టకు దూరపు చుట్టరికము కాక దగ్గరి బంధుత్వమే కలదని నాకు తోచును.

ఆనాటి పద్ధతిలోని విశేషమును కొంత నిదానించి చూడవలెను. వారపత్రిక బజారులోనికి వచ్చు తేదీకి ఎన్నియో దినములు ముందుగా వ్రాతప్రతి కార్యాలయమునకు చేరవలెను. అక్షరములు కూర్చువాడు కూర్చవలెను, ప్రూఫు దిద్దువాడు దిద్దవలెను, చిత్రకారుడు చదివి బొమ్మ వేయవలెను. చందమామ విషయమున ఈ వ్యవధి మరింత దీర్ఘమైనది. 1954లో తోకచుక్కతో మొదలుపెట్టి దాసరి సుబ్రహ్మణ్యముగారు ఏండ్ల తరబడి పేరు ప్రకటించుకొనకయే వ్రాసిన సాహసగాథలకు చిత్రాగారు రంగుల బొమ్మలు వేయవలసియుండెను. తెలుగున పుట్టిన ఆ భాగము ఇతర భాషలలోనికి పోయి, అన్నిటను ఇంచుమించు ఒకేసారి వెలువడవలసియుండెను. అట్టి యేర్పాటులో రచయిత నేడు వ్రాసి నేడే ముద్రింపుమనుట అసంభవము. బొమ్మలో వీరుని కుడిచేత ఖడ్గమున్నచో వచ్చు నెలలో అది ఎడమచేతికి మారరాదు. ఇన్ని చేతులు మారుటలో ఎవడో ఒకడు తప్పును పట్టుకొనును. పట్టుకొనకపోయినను రచయితకే రెండవమారు చదువుకొను అవకాశము కలుగును. రావూరి భరద్వాజగారి పాకుడురాళ్ళు కృష్ణాపత్రికలో సుమారు మూడేండ్లు నడచిన ధారావాహిక. దానికి రచయిత పెట్టుకొనిన పేరు మాయజలతారు. నేడు మనమెరిగిన పేరు శీలా వీర్రాజుగారు పెట్టినది. పత్రికా కార్యాలయమున కూర్చున్న రెండవ మనస్సు నవలకు ఏమి చేయగలదో చెప్పుటకు ఇంతకంటె వేరు సాక్ష్యము అక్కరలేదు.

కోస్తాలో విశ్వనాథ సత్యనారాయణగారివంటి మహాశక్తిమంతులు వేయిపడగలను నెలదినములలోపుననే ఆశువుగా చెప్పి వ్రాయించిరని ప్రసిద్ధి. అది అందరికి అనుకరణీయమైన మార్గము కాదు. పైగా ఆ వేగము వ్రాతయందలిదే కాని విడుదలయందలిది కాదు. గ్రంథమంతయు చేతికి వచ్చిన పిమ్మటనే అది లోకమునకు వచ్చినది.

విడుదలకు ముందు ఎంత వ్రాసియుండవలెనను ప్రశ్నకు ఒకే జీవితమున రెండు సమాధానములు చెప్పినవాడు చార్లెస్ డికెన్సు. 1836 ఏప్రిలులో పిక్విక్ పేపర్సును నెలకొక సంచికగా ప్రారంభించినప్పుడు ఆయన వయస్సు ఇరువదినాలుగేండ్లు. ఒక్కొక్క సంచిక వెల ఒక షిల్లింగు. నెలకు నెల వ్రాయుటయే కాని చేతిలో నిలువ లేదు. 1837 మే మాసమున మరదలు మేరీ హోగార్తు హఠాత్తుగా మరణింపగా దుఃఖముచే కలము సాగక, ఒక మాసపు సంచిక ఆగిపోయినది. ఆ పిమ్మట ఆయన తన పద్ధతిని దిద్దుకొనుచు పోయెను. డాంబీ అండ్ సన్ నాటికి ప్రతి సంచికకును ఒక ప్రణాళికాపత్రమును సిద్ధపరచుకొనుట అలవాటైనది. ఒక కాగితమును నిలువున రెండు భాగములు చేసి, కుడివైపున అధ్యాయముల పేర్లును అందలి ముఖ్యసంఘటనలును వ్రాసికొనును. ఎడమవైపున తనకు తానే ప్రశ్నలు వేసికొనును. ఫలానా పాత్రను ఈ సంచికలో ప్రవేశపెట్టుదునా? ఈ రహస్యమును ఇప్పుడే బయటపెట్టుదునా? వాని ప్రక్కనే కొంతకాలమునకు సమాధానములు పడును: అవును, కాదు, ఇప్పుడే కాదు. ఈ మూడవ సమాధానముతో ధారావాహిక రచయితకు ఎంత నిగ్రహము వలయునో తెలియుచున్నది. 1870 జూనులో డికెన్సు మరణించునప్పటికి ఎడ్విన్ డ్రూడ్ పండ్రెండు సంచికలలో మూడే వెలువడియుండెను. ఆయన వ్రాసి ఉంచినదానినుండి మరి మూడు సంచికలు మరణానంతరము వచ్చినవి. ఒక దుర్దినమునకే సంచిక ఆగిపోయిన యువకుడు, ముప్పదిమూడేండ్లు గడచునప్పటికి తన మరణమును దాటి మూడు నెలలు కథ నడువదగినంత నిలువను చేర్చుకొనినవాడయ్యెను.

మన వారపత్రికల మహోజ్జ్వల దశకు మరల వత్తము. 1960లలో యద్దనపూడి సులోచనారాణిగారి సెక్రటరీ జ్యోతి మాసపత్రికలో వచ్చినప్పటినుండి, యండమూరి వీరేంద్రనాథ్ గారి తులసిదళము ఆంధ్రభూమి వారపత్రికలో రాష్ట్రమంతటను చర్చనీయమైన దినముల దాక, సీరియల్ అనునది పత్రిక అమ్మకమునకే ఆధారమైనది. అనంతపురమునందు బస్సుస్టాండు దుకాణములలో వారపత్రిక కట్టలు విప్పకమునుపే చేతులు చాచినవారును, ఒక్క ప్రతిని వీధిలోని పదిమంది స్త్రీలు వంతులవారీగా చదువుకొనినవారును ఆ తరమున అంతటను ఉండిరి. పేరుపొందిన రచయితలు ఏకకాలమున రెండు మూడు పత్రికలకు సీరియళ్ళు వ్రాయవలసివచ్చెను. వారమువారము చివరిపంక్తిలో ఉత్కంఠను నిలుపు విద్య పరిపూర్ణత నందినది ఆ కాలముననే. కాని ఆ విద్య యొక్క దుష్పరిణామమును అప్పుడే కనబడినది. ప్రతి భాగమునకును శిఖరము వలయునన్నచో నవలలో మైదానముండదు. మైదానము లేనిచోట పాత్ర తీరికగా కూర్చుండి ఆలోచించుటకు చోటు దొరకదు. పాఠకుల ఒత్తిడి మరియొక విధమునను పనిచేసెను: రంగనాయకమ్మగారి జానకి విముక్తి ఆంధ్రజ్యోతి వారపత్రికలో నడచుచు, తీవ్రమైన అభ్యంతరములు చెలరేగి మధ్యలో ఆగిపోగా, తక్కిన కథ పాఠకులకు పుస్తకరూపముననే దక్కినది. తాను ఎచ్చటికి పోవుచున్నదో ఆమెకు స్పష్టముగా తెలియును గనుకనే పత్రిక ఆపినను నవల ఆగలేదు.

అంతర్జాలమునందు తెలుగు కథ ప్రవేశించినది ప్రవాసుల ద్వారమున. 1998లో అమెరికాలోని తెలుగువారు ఈమాటను ప్రారంభించిరి. 2007లో కిరణ్ ప్రభగారు కాలిఫోర్నియానుండి కౌముది మాసపత్రికను మొదలిడి ధారావాహికలకు స్థిరమైన స్థానమిచ్చిరి. 2013లో సారంగ, 2018లో కస్తూరి మురళీకృష్ణగారి సంచిక వచ్చినవి. ఇవి కాగితము లేని పత్రికలే కాని సంపాదకుడు లేని పత్రికలు కావు. కల్పనా రెంటాలగారి తన్హాయి మాత్రము ఇంకొక త్రోవ త్రొక్కినది. ఆమె దానిని తన సొంత బ్లాగునందు భాగములుగా ప్రకటింపగా, పాఠకులు పాత్రల నడవడినిగూర్చి ఆ పుటలమీదనే వాదోపవాదములు జరిపిరి. 2011లో అది పుస్తకమైనది. నడుమ ఎవ్వరును లేక రచయిత్రియు పాఠకుడును ముఖాముఖి నిలిచిన తెలుగు నవలలలో దానిది ముందువరుస.

2014లో బెంగుళూరున పుట్టిన ప్రతిలిపి ఆ ముఖాముఖిని లక్షలమంది ఫోనులలోనికి తెచ్చినది. దీనిని నేను తక్కువచేసి మాటాడను. కరవు జిల్లాలోని చిన్న ఊరినుండి విజయవాడకో హైదరాబాదుకో వ్రాతప్రతిని పోస్టుచేసి, తిరుగుటపా స్టాంపులు జతచేసి, నెలలకొలది ఎదురుచూచి, చివరకు ఏ సమాధానమును రాక ఊరకుండిపోయిన రచయిత్రులు ఎందరో. వారి కుమార్తెలు నేడు ఎవ్వరి అనుమతియు లేక వ్రాయుచున్నారు. ధర్మవరమున ప్రక్కగదిలో మగ్గము చప్పుడగుచుండగా, ఇంటిపని తెమిలిన రెండుగంటల విరామమున, ఒకతె ఫోనును దిండుకు ఆనించి బొటనవ్రేళ్ళతో అచ్చుకొట్టును. ఇంకొకతె కథను నోటితో చెప్పి, యంత్రము వ్రాసిన తెలుగులోని తప్పులను, అది విడిచిన విరామచిహ్నములను తరువాత దిద్దుకొనును. డ్రాఫ్టు అను గదిలో సగము వ్రాసిన భాగములు వరుసగా పేరుకొనియుండును. ఒకదానికి పేరుండదు; ఒకదానిలో రెండే వాక్యములుండును; ఒకటి మాత్రము పూర్తియై, ప్రచురించు మీటకు వ్రేలిదూరమున నిలిచియుండును. ఆ మీటకు ముందు పూర్వము నలుగురైదుగురు మనుష్యులుండిరి. ఇప్పుడు ఎవ్వరును లేరు.

ఈ స్థితిలో రచయితలు మూడు తెగలుగా కనబడుచున్నారు. నవలనంతయు ముగించి, దిద్ది, ఆపైననే మొదటి భాగమును వదలువారు కొందరు. వీరి పద్ధతి పోటీలకు పంపు నవలల పద్ధతివంటిది. మన జిల్లా వాస్తవ్యులైన బండి నారాయణస్వామిగారి శప్తభూమి తానావారి నవలల పోటీలో బహుమతి పొంది, 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారమును గెలుచుకొన్నది. ఇన్నూరేండ్లకు పూర్వపు అనంతపుర సంస్థానపు జీవితమును, కరవును, కులములను, పాలెగాండ్రను ఒకే పటమున అల్లిన అట్టి నవల ఏనాటిభాగమును ఆనాడు వదలుచు వ్రాయుటకు సాధ్యమగునదని నేను భావింపను. తొలి అధ్యాయమున నాటిన విషయము చివరి అధ్యాయమునకు గాని పండదు. నడుమ వెనుకకు పోయి దిద్దుకొను స్వేచ్ఛ లేనిచో అది పండనే పండదు. అయినను ఈ తెగవారికి కష్టమొకటి కలదు. రెండేండ్లు ఒంటరిగా వ్రాసిన పిదప మొదటి భాగమును నలుగురే చదివినచో, తక్కిన నలుబది భాగములను వదలుటకు మనస్సు రాదు.

రెండవ తెగవారు ఏనాటికానాడు వ్రాసి వదలువారు. ఇది చైనాలో మహాపరిశ్రమయైనది. 2002లో పుట్టిన చిదియన్ అను వేదిక 2003నుండి అధ్యాయమునకింత అని వెల పుచ్చుకొనుట ఆరంభించగా, అచ్చటి రచయితలు దినమునకు వేలకొలది అక్షరములు వ్రాయక తప్పనివారైరి. తాంగ్ జియా సాన్ షావ్ అను ఆయన ఏండ్ల తరబడి ఒక్కదినమైనను విడువక అధ్యాయము నిచ్చి ప్రఖ్యాతుడయ్యెను. ఆంగ్లమున వైల్డ్‌బో అను పేరుతో వ్రాయు కెనడా రచయిత 2011 జూను మొదలు 2013 నవంబరు వరకు వారమునకు రెండుమారులు తప్పక భాగముల నిచ్చుచు, పదునారు లక్షల పదములు దాటిన వర్మ్ అను నవలను ముగించెను. ఈ క్రమశిక్షణకు నేను నమస్కరింతును. కాని దానిని చూచి మనవారు దినమునకొక భాగము వదలుటయే రచయిత ధర్మమని తలచుట విచారకరము. ఆ ఇరువురికి వ్రాతయే వృత్తి. మన రచయిత్రికి వ్రాత రెండుగంటల విరామము. బిడ్డకు జ్వరము వచ్చినను, ఇంట పెండ్లి తలపెట్టినను, ఆ రెండు గంటలును పోవును.

మూడవ తెగవారు చేత కొన్ని అధ్యాయములను నిలువయుంచుకొని, ముందు ఒకటి వ్రాసిన మీదటనే వెనుకటిదానిని వదలువారు. నా పక్షపాతము వీరియందే. ఏటికి 550 మిల్లీమీటర్లకు అటునిటుగా మాత్రమే వాన చూచు ఈ మెట్టలో బుడ్డలు విత్తు రైతు, జూనులో తొలివాన పడగానే ఇంటిలోని విత్తనమంతయు నేలపాలు చేయడు. పదును చాలినదా అని మట్టిని పిడికిట పట్టి చూచును. మొలచిన పిమ్మట నెలదినములు వాన ఎగగొట్టి పైరు మాడినచో మరల గొర్రు కట్టుటకు కొంత విత్తనమును గాదెలో మిగుల్చుకొనును. వానను నమ్మి బ్రదుకువానికి ఎంత నిలువ వలయునో, పాఠకుని నమ్మి వ్రాయువానికిని అంత వలయును. నా తలంపున పది అధ్యాయముల నిలువయు, కథ ముగింపు ఎచ్చటనో స్థూలముగా నిశ్చయమును ఉన్ననాడు మొదటి భాగమును వదలుట యుక్తము. ముగింపు తెలియవలెనన్నది ముఖ్యము. నడిమి త్రోవ తెలియకున్నను హాని లేదు. త్రోవ కూడ అణువణువు తెలిసియున్నచో ధారావాహికగా వదలుటలోని ప్రయోజనమే తగ్గును.

ఆ ప్రయోజనమేమి? పాఠకుని మాట వినుట. ఆండీ వెయిర్ అను అమెరికా రచయిత ది మార్షియన్ నవలను అధ్యాయములుగా తన సొంత పుటలో ఉచితముగా పెట్టుచుండగా, రసాయనము, భౌతికము తెలిసిన పాఠకులు లెక్కలలోని తప్పులను చూపిరి, ఆయన దిద్దుకొనెను, 2014లో అది పెద్ద ప్రచురణసంస్థ ద్వారా గ్రంథమై లోకమంతట వ్యాపించినది. పాఠకుడు తథ్యమును దిద్దుట మహోపకారము. పాఠకుడు కథను దిద్దబూనుట వేరు. మన వేదికలపై ప్రతి భాగము క్రిందను "అక్కా, తర్వాతి భాగం ఎప్పుడు పెడతారు?" అనునది సర్వసాధారణము, దాని వెంబడినే "వాళ్ళిద్దర్నీ మాత్రం విడదీయకండి అక్కా" అనునది వచ్చును. అభిమానముతో అనిన ఈ మాట సంపాదకుని ఆజ్ఞకంటె బలవత్తరమైనది. సంపాదకునితో వాదింపవచ్చును, అభిమానితో వాదించుట ఎట్లు? చేతిలో పది అధ్యాయములున్న రచయితకు ఆ మాట చేరునప్పటికి విడదీయు సన్నివేశము వ్రాయబడియే యున్నది. ఆమె ఆ మాటను ప్రేమతో విని, తన కథను తన త్రోవనే నడిపించుకొనగలదు. చేతిలో ఏమియు లేని రచయిత్రి ఆ రాత్రియే లొంగిపోవును.

మాండలికము విషయమున ఈ ఒత్తిడి మరింత సూక్ష్మముగా పనిచేయుచున్నది. బండి నారాయణస్వామిగారు ఒక నవలకు గద్దలాడతాండాయి అని పేరుపెట్టి, అనంతపురపు మాటను పుస్తకపు అట్టమీదనే నిలిపిరి. సింగమనేని నారాయణగారి కథలలో ఈ నేల రైతు తన యాసలోనే తన బాధ చెప్పుకొనును. అచ్చుపుస్తకము కొనిన పాఠకుడు ఒక మాట తెలియనిచో ముందుకు చదివి గ్రహించును. ఫోనుపై చదువు దూరప్రాంత పాఠకుడు, ఈ మాట అర్థము కాలేదని అప్పుడే వ్రాయును. అట్టివి నాలుగు వచ్చునప్పటికి రచయిత ఐదవ భాగమునుండి పాత్రలచేత సినిమా తెలుగు మాటలాడించును. ఒక నవలలో మొదటి నాలుగు భాగములు కళ్యాణదుర్గపు మాటయై, తక్కినవి ఏ ఊరి మాటయు కానిదగుట నేను చదువుచు వ్యథపడిన సందర్భములు కలవు. యాసను నిలుపుకొనదలచినవాడు కనీసము ఆ యాస పాఠకుని చెవికి అలవడునంతవరకు, అనగా మొదటి ఐదారు అధ్యాయములను ముందే వ్రాసి కదలకుండ స్థిరపరచుకొనుట మంచిది.

విడుదల వేళలగూర్చి, భాగముల నిడివిగూర్చి వేదికలవారును అనుభవజ్ఞులును చెప్పు సలహాలు అనేకము. వానిలో సారము స్వల్పము. ఒకే దినమున, ఒకే వేళకు ఇచ్చుట ఉత్తమము. వారమునకు రెండుమారులు చాలును. భాగము మరీ పొడవైనచో ఫోనుపై చదువరి అలయును. అంతకు మించి ఈ విషయమున చెప్పవలసినది లేదు. డబ్బు విషయము వేరు. ముందరి భాగములకు తాళమువేసి, చందా కట్టినవారికో నాణెములు చెల్లించినవారికో తెరచు పద్ధతి వచ్చిన పిమ్మట భాగముల సంఖ్యయే ఆదాయమునకు మూలమైనది. మొదట మద్రాసునందును తరువాత విజయవాడయందును సీరియల్ పారితోషికము కూడ వారముల లెక్కనే ముట్టెడిది గనుక సాగదీయు ప్రలోభము నేడు పుట్టినది కాదు. కాని ఆనాడు ఇక చాలునని చెప్పుటకు ఒక సంపాదకుడుండెను. రచనపై నాలుగు రూపాయలు వచ్చుట ఈ జిల్లాలో చిన్నవిషయము కాదు. దానిని కోరిన రచయిత్రిని నిందింపరాదు. నిలువయున్నచోట ఆ ప్రలోభమునకు సహజముగనే కళ్ళెము పడును: ఇరువది భాగములకు ముగియవలసిన కథను ముప్పదికి పెంచవలెనన్నచో, ఇదివరకే వ్రాసిన పది భాగములను విప్పి మరల కుట్టవలెను, ఆ శ్రమకు ఎవరును సాధారణముగా ఒడంబడరు.

విడుదలయైన భాగమును మరల మార్చుటకు అంతర్జాలము అవకాశమిచ్చుచున్నది. అచ్చుపత్రికకు లేని వరమిది. అక్షరదోషములను, తేదీల పొరపాట్లను, పాత్రపేరు తారుమారైనచోటులను వెంటనే దిద్దుట కర్తవ్యము. సంఘటననే మార్చుట మాత్రము, ఇదివరకు చదివినవానికి ఒక కథను, ఇకముందు చదువువానికి వేరొక కథను చెప్పుట యగును. తప్పనిసరియైనచో క్రొత్త భాగము మొదట ఆ మార్పును రెండు పంక్తులలో తెలియజేయువారిని చూచితిని. అది గౌరవప్రదమైన ఆచారము.

ఇక అసంపూర్ణముగా విడిచిన నవలలు. ఈ వేదికలపై అవి కొల్లలు, కారణములు మనుష్యుల జీవితమంత విస్తారములు. దాని ఫలితము పాఠకుల అలవాటులో ఇప్పుడే కనబడుచున్నది: మోసపోయి మోసపోయి అనేకులు, కథ పూర్తియైనదని గుర్తు పడినంతవరకు మొదటి భాగమునైనను తెరచుట మానివేసిరి, పూర్తియైన పిదప ఒక్క రాత్రిలో అరువది భాగములు చదివివేయుచున్నారు. భాగభాగమునకును ఎదురుచూచు పాఠకుని కొరకు పుట్టిన రూపమును, ఎదురుచూడనొల్లని పాఠకుడు ఈ విధముగా చదువుచున్నాడు. అతనికి ప్రతి భాగము చివరను ఉన్న ఉత్కంఠ విసుగు పుట్టించును. ప్రతి భాగము మొదటను ఉన్న జరిగిన కథ అడ్డము వచ్చును. ఆ నవలను పుస్తకముగా వేయదలచి హైదరాబాదు ప్రచురణకర్త చేతికిచ్చినప్పుడును మొట్టమొదట కత్తెర పడునది ఆ రెండుచోట్లనే. నిలువయుంచుకొని వ్రాసినవారి ప్రతులలో ఈ కత్తెరకు పని తక్కువ; ఏనాటికానాడు వ్రాసినవారు ఒక్కొక్క భాగమునందు మూడవవంతు వరకు కోల్పోయి, మిగిలినదానికి అతుకులు వేయుటకై నవలను ఇంచుమించు మరల వ్రాయుచున్నారు.